బతిమాలని గొంతు

‘మల్లీశ్వరి’ సినిమాలో ఒక వాన రాత్రి ఉంది. సంత నుంచి తిరిగొస్తూ తడిసిన బావామరదళ్లు దారిలో ఒక పాత సత్రంలో తలదాచుకుంటారు. అక్కడ మారువేషాల్లో శ్రీకృష్ణదేవరాయలూ అల్లసాని పెద్దనా ఉన్నారని వాళ్లకు తెలియదు. మల్లి కాలు కదిపి ‘పిలచిన బిగువటరా’ అనే జావళి అందుకుంటుంది. పిలిచినా పలకని ప్రియుణ్ని నాయిక నిలదీసే పాట అది. ఇలాంటి చోట చాలామంది గొంతు కరిగిస్తారు. కాస్త ముద్దు, కాస్త గోము, కాస్త బేలతనం కలిపి వేడుకుంటారు. మల్లి వేషం వేసి, తన పాట తానే పాడిన భానుమతి గొంతు వేడుకోదు. మొదటి మాటను నిటారుగా నిలబెడుతుంది. దాని చివర చిన్న విసురు విసురుతుంది. మరుక్షణం ఆ విసురు మీద తానే ఓ నవ్వు చల్లి ముందుకు సాగిపోతుంది. ఇంతకూ బిగుసుకున్నది అతనా, ఈమెనా అన్న అనుమానం వినేవాడికి మొదటి చరణం దాటకముందే పుడుతుంది. పిలిచిన మనిషికే బిగువు ఎక్కువ. ఆ బిగువులోనే పాట రుచంతా ఉంది.

తెలుగు సినిమాలో ఆడగొంతును మెచ్చుకోవడానికి మన దగ్గరున్న మాటలు నాలుగైదే. తేనె, కోయిల, లాలిత్యం, మార్దవం. వాటితో భానుమతి దగ్గరికి వెళితే వట్టి చేతులతో వెనక్కి రావాలి. ఆ గొంతులో కాస్త ముక్కు పలుకుంది, గరుకుంది, బరువుంది. తారస్థాయికి వెళ్లినప్పుడు సన్నబడి మెరిసే గొంతు కాదది, ఉన్న లావుతోనే పైకి లేస్తుంది. అయినా మనసును పట్టి నిలబెడుతుంది. ఆ అందానికి నాకు దొరికిన పేరు ‘అధికారం’. పాట మీద, మాట మీద, ఎదుట ఉన్న మనిషి మీద, అన్నిటికీ మించి తన మీద తనకున్న అధికారం.

మన అలంకారికులు కోపగించిన నాయికను ధీర, అధీర, ధీరాధీర అని మూడు తీరులుగా విడదీశారు. అధీర తిట్టిపోస్తుంది. ధీరాధీర సగం మాటలతో, సగం కన్నీళ్లతో చెబుతుంది. ధీర మాత్రం మర్యాద తప్పదు, గొంతు పెంచదు. మాటలోని వంపుతోనో, పట్టనట్టు ఊరుకోవడంతోనో ఎదుటివాడికి చురక తగిలిస్తుంది. తెలుగు సినిమా పాటలో ఈ ధీరకు నిలువెత్తు రూపం ఇచ్చింది భానుమతి. శృంగారంలోనూ, విరహంలోనూ, భక్తిలోనూ, ఆఖరికి జోలపాటలోనూ ఆ నాయికే పలుకుతుంది. ఆమె కళాజీవితమంతా ఆ ఒక్క స్వభావానికి దొరికిన రకరకాల సందర్భాలుగా నాకు వినిపిస్తుంది.

భానుమతి 1925 సెప్టెంబరు 7న ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో పుట్టారు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, ఒంగోలు గుంటూరు జిల్లాలో ఒక తాలూకా. కొత్త జిల్లా 1970లో ఏర్పడి, 1972లో ఆంధ్రకేసరి పేరు పెట్టుకుంది. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య సంగీత ప్రియుడు, నాటకాల మీద మోజున్నవాడు. పిల్లకు తొలి పాఠం ఇంట్లోనే, ఆయన దగ్గరే.

ఈ నేల నుంచి వచ్చిన ఘాటైన మనిషి గురించి రాసేవాళ్లందరూ మిరపకాయను తలుచుకుంటారు. అది తేలిక పోలిక, భానుమతికి అతకదు. మిరప నాలుక మీద మండి పోతుంది, ఆ గొంతు అలా పోయేది కాదు. పోల్చక తప్పదంటే నల్లరేగడితో పోల్చాలి. వేసవిలో చూస్తే ఎండి, నెర్రెలు విచ్చి, రాయిలా ఉంటుంది. లోపల మాత్రం వాన నీటిని నెలల తరబడి పట్టి ఉంచుకుంటుంది. కాలువ లేని చోట కూడా పత్తి చేను నిలబడేది ఆ దాచిన తడి వల్లే. భానుమతి పాటలో తడి కూడా అంతే. పైకి కనపడదు, అడిగితే బయటకు రాదు, వేరు దిగిన వాడికే అందుతుంది.

ఒకటి చెప్పాలి. మట్టికీ గొంతుకూ మరీ సూటిగా ముడి వేస్తే అది నిలవదు. ఒకే ఊళ్లో వంద రకాల గొంతులు పుడతాయి. కానీ ఈ ప్రాంతానికి సంగీతంతో ఉన్న పాత బంధుత్వాన్ని మరిచిపోవడమూ న్యాయం కాదు. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల. ఆ కాకర్ల ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమాన ఉంది. శ్యామశాస్త్రి పూర్వీకులు కంభం నుంచి తరలిపోయినవాళ్లు. కర్ణాటక సంగీత త్రిమూర్తుల్లో ఇద్దరి వేర్లు ఇక్కడి నుంచే కావేరి ఒడ్డుకు పాకాయి. ఒంగోలు పక్కనే ఉన్న కరవదిలో, భానుమతి పుట్టడానికి ఏడాది ముందు, 1924లో షేక్ చినమౌలానా పుట్టారు. తర్వాత నాదస్వర ప్రపంచాన్ని ఏలారు. ఈ ప్రాంతం ఒక రకంగా అరువు ఇచ్చిన నేల. ఇచ్చిన సంగీతాన్ని తమిళదేశం పెంచి పెద్దచేసింది. భానుమతి కూడా అదే దారిన మద్రాసు వెళ్లారు.

1939లో ‘వరవిక్రయం’ వచ్చింది. కాళ్లకూరి నారాయణరావు నాటకాన్ని సి. పుల్లయ్య కలకత్తాలో సినిమాగా తీశారు. కట్నం కోసం తనను అమ్మకానికి పెట్టడాన్ని భరించలేక ప్రాణం తీసుకునే కాళింది పాత్ర భానుమతిది. అప్పటికి ఆమెకు పదమూడు, పద్నాలుగేళ్లు. కూతురు సినిమాల్లో చేరడానికి ఒప్పుకుంటూనే తండ్రి షరతులు పెట్టారట. కథానాయకుడు ఆమెను తాకకూడదు, కౌగిలింతలు ఉండకూడదు. ఈ షరతులు విని ఇప్పుడు నవ్వుకోవచ్చు. కానీ ఆ ఎడం ఆమె నటనలో, పాటలో జీవితాంతం మరో రూపంలో మిగిలింది. ప్రేమ సన్నివేశంలో కూడా ఆమె ఎదుటివాడికి ఒక అడుగు దూరంలో నిలబడే పాడుతుంది. ఆ అడుగు దూరమే ఆమె శృంగారానికి మర్యాద తెచ్చింది, మర్యాదే ఆకర్షణ అయింది.

‘వరవిక్రయం’లో ఆమె పాడిన వాటిలో త్యాగరాజ కృతి ‘పలుకవేమి నా దైవమా’ ఉంది. కాకర్ల వారి కీర్తనను ఒంగోలు పిల్ల కలకత్తాలో పాడింది. ఆ కృతి ఎత్తుగడే దేవుణ్ని ప్రశ్నించడం. ఆ చిన్నపిల్ల గొంతులో ఇంకా పాఠం వాసన ఉంటుంది, సంగతులు నేర్పినట్టే పడతాయి. కానీ ప్రశ్న మాత్రం ప్రశ్నలాగే ఉంటుంది. మూలుగులోకి జారదు. భానుమతికి పాడటం తెలియకముందే ప్రశ్నించడం తెలుసనిపిస్తుంది.

‘మాలతీ మాధవం’, ‘ధర్మపత్ని’ దాటి 1943లో ‘కృష్ణప్రేమ’. ఆ సినిమాకు సహాయ దర్శకుడిగా పనిచేస్తున్న పి.ఎస్. రామకృష్ణారావును ఆ ఏడాది ఆగస్టు 8న పెళ్లాడారు. తార పేరున్న అమ్మాయి, పేరు లేని సహాయ దర్శకుడు. ఇంట్లో పెద్దలకు నచ్చకపోయినా ఆమె తన మాటే నెగ్గించుకున్నారు. సినిమాలు మానేసి ఇల్లు చూసుకుందామనుకున్న ఆమెను బి.ఎన్. రెడ్డి వెనక్కి పిలిపించారు. 1945లో ‘స్వర్గసీమ’ విడుదలైంది. తెలుగు పాట ఒక మలుపు తిరిగింది.

ఆ సినిమాలో వీధుల్లో ఆడి పాడే సుబ్బి, నాటకాల్లో చేరి సుజాతగా మారి, పెళ్లయిన మనిషిని వల్లో వేసుకుంటుంది. బాలాంత్రపు రజనీకాంతరావు రాసిన ‘ఓహో పావురమా’ ఆమె పాట. హాలీవుడ్ సినిమా ‘బ్లడ్ అండ్ శాండ్’లో రీటా హేవర్త్ మీద వచ్చే పాటలోని కూనిరాగం తనకు స్ఫూర్తినిచ్చిందని భానుమతి తర్వాత చెప్పుకున్నారు. చిత్రమేమిటంటే ఆ తెల్ల సినిమాలో తార పెదవులు కదిపింది, పాడింది వేరొకరు. ఇక్కడ పెదవీ గొంతూ ఒక్కరివే. అందుకే పాటలో మాటలు ఆగి ఊపిరి మాత్రమే మిగిలిన చోట కూడా పాత్ర ఆగిపోదు. ఆ కూనిరాగాన్ని జాగ్రత్తగా వినండి. పిలుస్తున్నట్టుంటుంది, అంతలోనే ‘వస్తే రా, లేకపోతే పో’ అన్నట్టు తెగుతుంది. అప్పటిదాకా తెలుగు తెర మీద వగలాడి పాటంటే వల విసరడమే. భానుమతి వల విసిరి అటు తిరిగి నిలబడింది. చేప తనంతట తానే వచ్చింది.

ఇంతకూ ఆ అధికారం గొంతులో ఎలా తయారవుతుంది? వింటూ పోతే మూడు పనులు కనిపిస్తాయి. మొదటిది ఎత్తుగడ. చాలామంది గాయనులు పల్లవి మొదటి అక్షరాన్ని గాలిలోంచి మెల్లగా దించుతారు. భానుమతి దాన్ని నేల మీద పెడుతుంది. హల్లు స్పష్టంగా తగులుతుంది, ఆ తర్వాతే అచ్చు సాగుతుంది. రెండోది విరుపు. తాళం ఎక్కడ ఆగమంటుందో అక్కడ ఆగక, అర్థం ఎక్కడ ఆగమంటుందో అక్కడ ఆగుతుంది. అందుకే ఆమె పాటలు వింటుంటే మాటలు వింటున్నట్టే ఉంటుంది. మూడోది బిరకాలు, అంటే వేగంగా దొర్లించే స్వరాల గుత్తులు. ఆ వేగంలో అంత శుభ్రంగా పలికే స్వరాలు ఆ కాలపు సినిమా పాటలో అరుదు. అయినా ఆమె వాటిని ప్రదర్శన కోసం పరచదు. ఒక మాట అన్నాక దాని మీద చేసే వ్యాఖ్యానంలా, ఒక్క విదిలింపుగా వేసి ఠక్కున ఆపేస్తుంది. ఆ ఆపడంలో ఉంది రసం. సాగదీస్తే విద్వత్తు అయ్యేది, ఆపడం వల్ల స్వభావమైంది.

ఈ మూడూ పూర్తిగా పండింది 1951లో వచ్చిన ‘మల్లీశ్వరి’లో. బి.ఎన్. రెడ్డి దర్శకత్వం, సాలూరి రాజేశ్వరరావు సంగీతం, అద్దేపల్లి రామారావు వాద్యబృంద నిర్వహణ, దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటలూ పాటలూ. సినిమాకు కృష్ణశాస్త్రి కలం పట్టడం అదే మొదలు. ఆయన కవిత్వం స్వభావం అందరికీ తెలుసు. వెన్నెల, కన్నీరు, ఎడబాటు, ఆకులో ఆకై పోవాలన్న తహతహ. ఆ మాటలను అదే మెత్తదనంతో పాడితే పాట జారిపోయి నీరైపోతుంది. భానుమతి గొంతు ఆ కన్నీటికి వెన్నెముక ఇచ్చింది.

‘మనసున మల్లెల’ పాట సందర్భం చూడండి. రాణివాసంలో చిక్కిన మల్లి, శిల్పిగా విజయనగరం చేరిన ఆమె బావ నాగరాజు, రాత్రి తుంగభద్ర ఒడ్డున దొంగచాటుగా కలుసుకుంటారు. పట్టుబడితే ప్రాణాలు దక్కవు. ఎన్నాళ్లకో కలిసిన ప్రియుడి ముందు పాట. ఏడుపుకు, పరవశానికి, గగుర్పాటుకు అన్నిటికీ ఇక్కడ చోటుంది. భానుమతి వాటిలో దేన్నీ ముందు ఎంచుకోదు. నింపాదిగా మొదలుపెడుతుంది. ఇన్నాళ్లు ఎదురు చూసిన మనిషికి ఇంకొక్క నిమిషం ఆగడం లెక్కలోది కాదన్నంత నింపాది. ఒక్కో మాటా తీసి, చూసి, పక్కన పెడుతుంది. అతను వచ్చాడనుకుని కలయజూసిన వేళలను తలుచుకునే చోట గొంతు పెంచదు, తగ్గిస్తుంది. తగ్గించినప్పుడు కూడా పలుకు వదులు కాదు. ఆనందాన్ని ఇంత ఓపికగా పాడిన పాట మన సినిమాల్లో నాకు మరొకటి తట్టదు. ఆశ తీరిన వేళ కంగారు పడని నాయిక ఆమె. తెర మీద ఆ ముఖంలో కళ్లు మాత్రమే చెమ్మగిల్లుతాయి, గొంతు చెమ్మగిల్లదు. ఆ రెంటికీ మధ్య ఉన్న తేడాలో మన గుండె కరుగుతుంది. ఆమె ఏడిస్తే మనం చూసి ఊరుకునేవాళ్లమేమో. ఆమె ఏడవదు కాబట్టి ఆ పని మన మీద పడుతుంది.

అదే సినిమాలో ‘ఆకాశవీధిలో’ ఘంటసాలతో కలిసి పాడిన పాట. ఇద్దరూ చెరో చోట, మేఘంతో కబురు పంపుకుంటున్నారు. ఘంటసాల గొంతు నిండుగా, ఆర్ద్రంగా పరుచుకుంటుంది. మామూలు యుగళగీతంలో ఆడగొంతు దాని మీద అల్లుకోవాలి. ఇక్కడ అల్లుకోదు, పక్కన సమానంగా నడుస్తుంది. అతని వేదన మేఘానికి మొరపెట్టుకుంటుంటే ఆమె వేదన అదే మేఘానికి పని అప్పగిస్తుంది. విరహంలో కూడా మల్లి చేతిలో పగ్గం ఉందన్నమాట.

మూడేళ్ల తర్వాత, 1954లో, ‘విప్రనారాయణ’. భానుమతి దంపతుల సొంత సంస్థ భరణీ పిక్చర్స్ సినిమా, భర్త రామకృష్ణారావు దర్శకత్వం, సంగీతం మళ్లీ రాజేశ్వరరావే. శ్రీరంగంలో పూలమాలలు కట్టి రంగనాథుణ్ని కొలిచే భక్తుడు విప్రనారాయణుడు. ఆయన తనను కన్నెత్తి చూడలేదన్న అహంతో పంతం పట్టి ఆయన్ను లోబరచుకోబూనిన దేవదేవి పాత్ర భానుమతిది. పంతంగా మొదలై ప్రేమగా, ప్రేమ నుంచి పశ్చాత్తాపంగా మారే పాత్ర. ఆమె గొంతుకు ఇంతకంటే తగిన కథ దొరకదు. జయదేవుడి ‘సా విరహే’ అష్టపదిని ఆమె పాడిన తీరులో ఒక సూక్ష్మం ఉంది. అది రాధ పాడే పాట కాదు, రాధ స్థితిని సఖి వెళ్లి కృష్ణుడికి చెప్పే పాట. పాడేది మాత్రం దేవదేవి, తన విరహాన్ని మరొకరి విరహంగా చెప్పుకుంటోంది. భానుమతికి ఈ ఎడం ప్రాణం. ‘నేను వేగిపోతున్నాను’ అని ఆమె గొంతు చెప్పలేదు, ‘ఆమె వేగిపోతోంది’ అనమంటే ఎంత లోతుకైనా దిగుతుంది. ‘మధుర మధురమీ’ పాటలో ఎ.ఎం. రాజా గొంతు నూలుపోగంత మెత్తన. ఆమె బరువు దాని మీద పడితే తెగిపోవాలి. తెగనివ్వదు. తన గొంతును తగ్గించుకోకుండానే అతనికి చోటిస్తుంది.

ఇక్కడ ఒక సంగతి నన్ను ఎప్పుడూ ఆకట్టుకుంటుంది. కరవది నుంచి బయలుదేరిన చినమౌలానా తర్వాతి కాలంలో శ్రీరంగంలోనే స్థిరపడ్డారు, రంగడి ఊరిలో నాదస్వరం వాయించారు, శిష్యులను తయారు చేశారు. దొడ్డవరం నుంచి బయలుదేరిన భానుమతి తెర మీద అదే శ్రీరంగానికి దేవదేవిగా చేరారు. ఇరుగుపొరుగు ఊళ్ల ఇద్దరిదీ ఆరుబయట నిలబడే నాదం. గది కోసం తయారైనది కాదు. నాదస్వరాన్ని మెల్లగా వాయించమని ఎవరూ అడగరు. భానుమతిని మెల్లగా పాడమని అడిగినవాళ్లు మాత్రం చాలామందే ఉండి ఉంటారు.

సినిమా పాటలో ఆ కాలం పెద్ద చీలిక కాలం. 1940ల చివరికి గొంతు ఒకరిది, ఒళ్లు ఒకరిది అయిపోయింది. పి. లీల, జిక్కీ, ఆ తర్వాత పి. సుశీల రాకతో తెర మీద ఎవరున్నా తెర వెనుక గొంతు ఇంచుమించు ఒకటే అనే పరిస్థితి వచ్చింది. దాని వల్ల పాటకు లాభమే జరిగింది, గొప్ప గాయనులు దొరికారు. కానీ పాటకూ మాటకూ మధ్య ఒక అతుకు కూడా పడింది. మాటలు ఆపి పాట మొదలుపెట్టగానే నాయిక మరో మనిషి అవుతుంది. హిందీలో సురయ్యా, అక్కడ పాకిస్తాన్‌లో నూర్జహాన్ 1960ల మొదట్లో నటన చాలించారు. పాడే తారల కాలం ముగిసింది. తెలుగులో, తమిళంలో భానుమతి మాత్రం 1980ల దాకా తన పాత్రలకు తానే పాడుకున్నారు. ఆమె సినిమాలో సంభాషణ పాటలోకి జారే చోట అతుకు వెతకండి. కనపడదు. విసుగ్గా అన్న మాట కొసనే పల్లవి మొలకెత్తుతుంది.

ఈ స్వభావానికి ఆమె చెల్లించిన మూల్యం కూడా ఉంది. ‘మిస్సమ్మ’లో మొదట నాయిక భానుమతే. కొన్ని రీళ్లు తీశాక, వరలక్ష్మీ వ్రతం నాడు సెట్టుకు ఆలస్యంగా వచ్చిన విషయంలో నిర్మాత చక్రపాణితో మాట పట్టింపు వచ్చి ఆమె తప్పుకున్నారు. ఆ పాత్ర సావిత్రికి దక్కింది, తెలుగు సినిమా చరిత్ర మారింది. లోకం దీన్ని పొగరు అంది. పని విషయంలో అది ఒప్పో తప్పో చరిత్రకారులు చూసుకుంటారు. పాట విషయంలో మాత్రం ఆ తల వంచనితనాన్ని తీసేస్తే మనకు మిగిలేది భానుమతి కాదు. తమిళులు దాన్ని ముందే గుర్తుపట్టారు. ‘మలైక్కళ్ళన్’, సుసర్ల దక్షిణామూర్తి సంగీతంతో ‘అలీబాబావుం 40 తిరుడర్గళుం’, ‘అంబికాపతి’ చూసిన వాళ్లకు ఆ బిగువు తెలుసు. అణ్ణాదురై ఆమెను నటనకు వ్యాకరణం అన్నారు.

తన పాట మీద అదుపు కోసం ఆమె కెమెరా వెనక్కి కూడా వెళ్లారు. 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీల్లో ఒకేసారి తీసి తానే దర్శకత్వం వహించారు. 1954లో ‘చక్రపాణి’కి తానే సంగీతం కూర్చారు. అందులో ‘ఉయ్యాల జంపాల’ జోలపాట ఉంది. కథలో ఆస్తి కోసం ఆడే నాటకంలో భాగంగా అరువు తెచ్చుకున్న బిడ్డకు పాడే జోల అది. అబద్ధపు తల్లి పాట. బాణీ మన ఇళ్లల్లో పెద్దవాళ్లు ఊయల పక్కన పాడుకునేంత సాదాగా ఉంటుంది. సంగీత దర్శకురాలు భానుమతి గాయని భానుమతికి బిరకాలు వేసే వీలే ఇవ్వలేదు. తన శక్తిని తానే కట్టేసుకున్న చోట ఆమె పాట ఎంత చక్కగా ఉంటుందో ఇది వింటే తెలుస్తుంది.

అప్పటి గుంటూరు జిల్లా తెలుగు పాటకు మరో మహాగాయనిని ఇచ్చింది. రేపల్లె ప్రాంతంలోని పల్లపట్లలో 1938లో పుట్టిన ఎస్. జానకి. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి వింటే పాటలోని రెండు ధర్మాలు తేటపడతాయి. జానకి గొంతు పరకాయ ప్రవేశం. పసిపిల్లవుతుంది, ముసలమ్మవుతుంది, పల్లెపడుచు అవుతుంది, తనను తాను పూర్తిగా చెరిపేసుకుంటుంది. భానుమతి ఏ కాయంలోనూ ప్రవేశించదు. పాత్రే వచ్చి ఆమెలో ప్రవేశించాలి. మల్లి, దేవదేవి, సుజాత ముగ్గురూ భానుమతి గొంతులో అద్దెకుంటారు, ఇల్లు మాత్రం ఆమెదే. దీనివల్ల ఒక పరిమితీ ఉంది, దాన్ని దాచాల్సిన పని లేదు. అణిగిపోయిన, నిజంగా దిక్కులేని ఆడదాని పాట ఆమె పాడితే నమ్మకం కుదరదు. ఆ గొంతుకు దిక్కు లేకపోవడమన్నది తెలియదు. నిస్సహాయత పాడాలంటే మరొకరు కావాలి.

కానీ ఎదురు తిరగాల్సిన చోటికి ఆమె తప్ప మరొకరు పనికిరారు. 1965లో వచ్చిన ‘అంతస్తులు’లో ‘దులపర బుల్లోడా’ పాట అందుకు సాక్ష్యం. సంగీతం కె.వి. మహదేవన్, రాసింది బాపట్ల దగ్గరి అప్పికట్లలో పుట్టిన కొసరాజు రాఘవయ్య చౌదరి. ఆడపిల్లల వెంటపడే పోకిరీల దుమ్ము దులపమని చెప్పే పాట. కొసరాజు మాటల్లో గుంటూరు పల్లెల నాటు ఉంది. పత్తి తీసే చేలో, మిరపకాయలు ఎండబోసిన కళ్లంలో కూలికి వచ్చిన ఆడవాళ్లు మేస్త్రీ మీద విసిరే ఎకసెక్కాలుంటాయే, ఆ జాతి మాటలు. వాటిని కృష్ణశాస్త్రి పాటలు పాడిన గొంతే పలికింది. అదే స్పష్టత, అదే విరుపు, కానీ ఈసారి నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడినట్టుంటుంది. తుంగభద్ర ఒడ్డున వెన్నెల మాటలను నిలబెట్టిన గొంతు కళ్లం మాటలకూ అంతే మర్యాద ఇచ్చింది. పండిత భాషకో గౌరవం, పల్లె భాషకో గౌరవం అని ఆమె పాటలో రెండు లేవు.

మరుసటి ఏడాది, 1966లో, ‘పల్నాటి యుద్ధం’లో ఆమె నాయకురాలు నాగమ్మ. పల్నాట రాజ్యం నడిపిన స్త్రీని బ్రహ్మనాయుడికి ఎదురు నిలిచిన దుష్టశక్తిగా చెప్పుకునే అలవాటు కథల్లో చాలాకాలంగా ఉంది. భానుమతి గొంతు పలకగానే ఆ తూకం కొంచెం మారుతుంది. ఆ మాట తీరు విన్నాక, ఈమె తప్పుడు మనిషి అయితే కావచ్చు, చిన్న మనిషి మాత్రం కాదని ఒప్పుకోక తప్పదు. అదే ఏడాది ఆమెకు పద్మశ్రీ వచ్చింది.

వయసు మీద పడ్డాక గొంతులు రెండు రకాలుగా మారతాయి. కొన్ని పాత తీపిని వెతుక్కుంటూ వణుకుతాయి. కొన్ని తీపిని వదిలేసి మాటను పట్టుకుంటాయి. భానుమతి దగ్గర వదులుకోవలసిన తీపి మొదటి నుంచీ తక్కువే, అందుకే నష్టమూ తక్కువే. 1984లో కోడి రామకృష్ణ తీసిన ‘మంగమ్మగారి మనవడు’లో వాణీ జయరాంతో కలిసి ఆమె ‘శ్రీ సూర్యనారాయణా మేలుకో’ పాడారు. అప్పటికి ఆమెకు అరవై ఏళ్లు దగ్గరపడ్డాయి. తెల్లవారుజామున ఇళ్లల్లో పాడుకునే మేలుకొలుపు వరస. వాణీ జయరాం గొంతు శ్రుతి మీద నిలిచిన దీపంలా సాఫీగా ఉంటే, పక్కనే భానుమతి గొంతు సూర్యుణ్ని అర్థించదు, ఇంట్లో బద్ధకంగా పడుకున్న మనవణ్ని లేపినట్టు లేపుతుంది. భక్తిలో ఇంత చనువు త్యాగరాజు కృతుల్లో ఉంటుంది, మన ముసలమ్మల పలకరింపులో ఉంటుంది. ‘వరవిక్రయం’లో దేవుణ్ని ప్రశ్నించిన పిల్ల నలభై అయిదేళ్లకు దేవుణ్ని నిద్రలేపే పెద్దావిడ అయింది.

ఆమె రాసిన ‘అత్తగారి కథలు’ చదివినవాళ్లకు ఈ గొంతు కొత్త కాదు. వాటిలోని హాస్యం కూడా అదే నిర్మాణం. పెద్దావిడ మాటను మర్యాదగా వినడం, దాని వంపును అలాగే పట్టుకోవడం, చురక వేసీ వేయనట్టు ఊరుకోవడం. ఆత్మకథ ‘నాలో నేను’కు సినిమా పుస్తకాల విభాగంలో జాతీయ పురస్కారం వచ్చింది. మద్రాసులోని తమిళనాడు ప్రభుత్వ సంగీత కళాశాలకు కొన్నాళ్లు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. 2001లో పద్మభూషణ్. 2005 డిసెంబరు 24న చెన్నైలో కన్నుమూశారు.

ఇప్పుడు పాట పోటీల్లో పిల్లలు ‘మనసున మల్లెల’ ఎత్తుకుంటారు. గమకాలు దించుతారు, బిరకాలు దించుతారు, ఆ చిన్న ముక్కు పలుకును కూడా కొందరు దించుతారు. అన్నీ వచ్చాక కూడా ఏదో తక్కువగా ఉంటుంది. కారణం సులువు. వాళ్లు మార్కుల కోసం పాడుతున్నారు, పాట పాడుతూనే న్యాయనిర్ణేతల ముఖాలు చూస్తున్నారు. ఆ పాట ఎవరి మెప్పునూ కోరి పాడింది కాదు. నేర్పాల్సింది సంగతులు కాదేమో. ఆ పల్లవిని ఎవరి వంకా చూడకుండా మొదలుపెట్టడం నేర్పాలి.

భానుమతి మనకు ఇచ్చింది పాటల జాబితా ఒక్కటే అయితే పాత పాటల కార్యక్రమాలు చాలు. ఆమె ఒక కొలబద్ద కూడా ఇచ్చారు. ఆడగొంతు తీయగా ఉందా లేదా అన్న ప్రశ్న దగ్గర ఆగిపోకుండా, ఆ గొంతు వెనుక మనిషి ఉందా, ఆ మనిషికి తన మాట మీద నమ్మకం ఉందా అని అడగడం ఆమె పాటతోనే మొదలైంది. ఆమె తర్వాత వచ్చిన తీయని గొంతులను కూడా ఆ ప్రశ్నతో వినండి. కొన్ని మునుపటికంటే పెద్దవిగా వినిపిస్తాయి, కొన్ని చిన్నబోతాయి. ఆ తేడా పట్టుకోవడం వచ్చిన శ్రోతకు భానుమతి పాట అర్థమైనట్టే.